అమెరికా బీఎస్-ఎండీ కోర్సుల కోసం హైస్కూల్లో ఏం చేయాలి: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులకు

ఏటా పదో తరగతి పరీక్షలు ముగిసే వేళకు సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు ప్రాంతాల నుంచి తెలుగు తల్లిదండ్రుల ఫోన్లు నాకు మొదలవుతాయి. "మా అమ్మాయి అమెరికాలో పుట్టిందండీ, అక్కడే డాక్టరు చదవాలనుకుంటోంది. ఈ సెలవుల్లో మీ ఆసుపత్రిలో ఓ రెండు వారాలు కూర్చోబెట్టుకుని సర్టిఫికెట్ ఇప్పించగలరా డాక్టర్ గారూ?" అని అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. బిడ్డ చదువు కోసం నలుగురినీ అడగని తల్లిదండ్రులు ఎక్కడ ఉంటారు? అయితే ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు కనుక, నాకు తెలిసినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను బెంగళూరులో చాలాకాలంగా జనరల్ మెడిసిన్ వైద్యురాలిగా పనిచేస్తున్నాను. మా అక్క కూతురు ఇక్కడే హైస్కూలు చదివి, ఈ దారిలోనే వెళ్లి, ఇప్పుడు అమెరికాలో చదువుకుంటోంది. ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా చేసిన పనులను దగ్గరుండి చూశాను, నా దగ్గరికి వచ్చే ఇతర పిల్లలనూ చూస్తున్నాను.

ముందుగా ఈ కోర్సుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన దగ్గర లాగా పన్నెండో తరగతి కాగానే వైద్య కళాశాలలో చేరడం అమెరికాలో సాధారణంగా కుదరదు. నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేసి, ఎంక్యాట్ పరీక్ష రాసి, ఆ తరువాత మళ్లీ దరఖాస్తు చేసుకుని నాలుగేళ్ల ఎండీలో (అక్కడ ఇది మన ఎంబీబీఎస్ లాంటిది) చేరాలి. పన్నెండో తరగతిలోనే డిగ్రీకీ ఎండీకీ కలిపి సీటు ఇచ్చే కోర్సులు కొన్ని ఉన్నాయి, వాటినే బీఎస్-ఎండీ కోర్సులు అంటున్నాం. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని పీఎల్‌ఎంఈ అనే కోర్సు ఎనిమిదేళ్లది. ఐవీ లీగ్ అనే ప్రఖ్యాత విశ్వవిద్యాలయాలు ఎనిమిదింటిలో ఇలాంటి కోర్సు ఉన్నది అక్కడొక్కచోటే, దానికి ఎంక్యాట్ అక్కర్లేదు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి కాన్సస్ సిటీ ప్రాంగణంలోని కోర్సు ఆరేళ్లది, 1971 నుంచీ నడుస్తోంది. మరికొన్ని చోట్ల కూడా ఇలాంటివి ఉన్నాయి. కొన్ని కొత్తగా వస్తుంటాయి, కొన్ని మూతబడుతుంటాయి. నార్త్‌వెస్టర్న్ అంతటి విశ్వవిద్యాలయమే తన కోర్సును ఆపేసింది. కాబట్టి రెండేళ్ల క్రితం ఎవరో పంపిన పట్టికను నమ్ముకోకుండా, దరఖాస్తు చేసే ఏడాది ఆయా విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లను స్వయంగా చూసుకోవాలి. వీటిలో చాలావరకు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలవి కొన్ని తమ రాష్ట్రం పిల్లలకే మొగ్గు చూపుతాయి. బ్రౌన్ వంటి కొద్దిచోట్ల ఇతర దేశాల పిల్లలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. మీ అమ్మాయికి లేదా అబ్బాయికి ఏ పాస్‌పోర్టు ఉందన్న దాన్ని బట్టి ఈ జాబితా సగానికి సగం తరిగిపోవచ్చు కనుక, ఆ లెక్క తొమ్మిదో తరగతిలోనే తేల్చుకోవడం మంచిది.

ఇక అసలు విషయానికి వస్తాను. మన దగ్గర వైద్య సీటుకు నీట్ పరీక్షలో 720 మార్కులకు ఎన్ని వచ్చాయన్నదే ప్రశ్న. నువ్వు ఎప్పుడైనా ఒక రోగి పక్కన కూర్చున్నావా అని మనవాళ్లు ఎవరూ అడగరు. అమెరికాలో మార్కులు గుమ్మం దాటడానికి మాత్రమే పనికివస్తాయి, దాటిన తరువాత ఎదురయ్యే ప్రశ్న వేరు: ఈ పదిహేడేళ్ల పిల్లకు వైద్యం అంటే ఏమిటో తెలిసే అడుగుతోందా? మామూలు పద్ధతిలో వచ్చే విద్యార్థికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి నాలుగేళ్ల కాలేజీ జీవితం ఉంటుంది. కలిపి సీటు అడిగే పిల్లలకు ఆ నాలుగేళ్లు ఉండవు కనుక, హైస్కూల్లో చేసిన పనులే సాక్ష్యం. అందుకే అక్కడివారు పాఠ్యేతర కార్యక్రమాలకు అంత విలువ ఇస్తారు. నా అభిప్రాయం ఒక్కటే: ఒకరి మీద ఆధారపడిన మనిషి దగ్గర, అది రోగి కావచ్చు, వృద్ధులు కావచ్చు, వైకల్యం ఉన్న పిల్లవాడు కావచ్చు, చిన్నదే అయినా నిజంగా అక్కరకొచ్చే పనిని ఏళ్ల తరబడి మానకుండా చేసిన పిల్లల దరఖాస్తుకు ఉండే బలం మరిదేనికీ ఉండదు.

అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి కామన్ యాప్ ద్వారా దరఖాస్తు చేయాలి. అందులో కార్యక్రమాల కోసం పది గడులు ఉంటాయి. ఒక్కో గడిలో వివరణకు 150 అక్షరాలు, అంటే పదాలు కాదు, అక్షరాలే. దాని పక్కనే అది ఏ ఏ తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. మన తల్లిదండ్రులు పది గడులు చూడగానే పదీ నింపాలనుకుంటారు, అక్కడి నుంచే పరుగు మొదలవుతుంది. చదివేవారి చూపు మాత్రం తరగతుల మీద, వారాల మీద పడుతుంది. పదకొండో తరగతి వేసవిలో రెండు వారాలు అన్న గడికీ, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి నలభై వారాలు అన్న గడికీ తేడాను వారికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆరు గడులు నిండి నాలుగు ఖాళీగా ఉన్నా నష్టమేమీ లేదు.

ఆసుపత్రిలో కూర్చోబెట్టుకోవడం గురించి అందరూ అడుగుతారు కనుక నా పద్ధతి చెబుతాను. ఆసుపత్రి యాజమాన్యం రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, పదో తరగతి దాటిన పిల్లలను కొద్దిరోజులు ఓపీలో ఒక మూల కుర్చీలో కూర్చోనిస్తాను. ప్రతి రోగినీ ముందుగా అడుగుతాను, వద్దంటే పిల్లలు బయటికి వెళ్లాలి. ఫోను బ్యాగులోంచి తీయకూడదు, రోగిని ముట్టుకోకూడదు, రోగి పేరు ఎక్కడా రాసుకోకూడదు. ఇది చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు. "బీపీ అయినా చూడనివ్వండి డాక్టర్ గారూ, హ్యాండ్స్-ఆన్ అని రాసుకోవచ్చు" అంటారు. వైద్య శిబిరాల్లో పిల్లలచేత బీపీ చూపించడం, సూదితో వేలు గుచ్చి చక్కెర పరీక్ష చేయించడం, ఫొటోలు తీసుకోవడం మన నగరంలో మామూలైపోయింది. అమెరికాలోని వైద్య కళాశాలల సంఘం ఏఏఎంసీ 2011లోనే, వైద్య విద్యలో చేరబోయే విద్యార్థులు బయటి దేశాల్లో తమకు అర్హత లేని చికిత్సలు చేయడం తప్పని మార్గదర్శకాలు విడుదల చేసింది. కనుక అర్హత లేని పని చేశానని దరఖాస్తులో గొప్పగా రాసుకుంటే అది చదివేవారికి ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. దరఖాస్తు మాట అటుంచి, తనకు బీపీ చూస్తున్నది పదిహేనేళ్ల పిల్ల అని ఆ శిబిరానికి వచ్చిన పెద్దాయనకు ఎవరూ చెప్పకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

మూల కుర్చీలో కూర్చుని చూడదగినవి చాలా ఉన్నాయి. మందు రాయడం కాదు, మందు మానేసిన మనిషిని డాక్టరు ఎలా అడుగుతాడో చూడాలి. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాక అదే విషయాన్ని నర్సు మళ్లీ ఎన్ని మాటల్లో చెబుతుందో వినాలి. డాక్టరు వెళ్లిపోయాక సిస్టర్ రోగి మంచం రైలింగు పైకి లేపి, నీళ్ల సీసాను చేతికి అందేచోట పెట్టి వెళ్లడం గమనించిన పిల్ల ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఆ రెండు వారాల్లో ఆ పిల్ల రాసుకున్న వాటిలో నాకు బాగా గుర్తున్నది అదే. ఇలాంటివి చూడడానికి రెండు వారాలు చాలు, రెండు నెలలు అక్కర్లేదు. కానీ ఇది చూడడమే తప్ప చేయడం కాదు. చేసే పని వేరే ఉండాలి, అది ఎక్కువకాలం సాగాలి.

ఆ పని ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరులో ఉన్న తెలుగు పిల్లలకు, మిగతా పిల్లలకు లేని ఒక అవకాశం ఉంది, దాన్ని ఎవరూ గుర్తించడం లేదు. ఇక్కడి కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి, నిమ్హాన్స్‌కు, జయదేవకు, వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రికి అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి తెలుగువాళ్లు నిత్యం వస్తూనే ఉంటారు. రాత్రి బస్సు ఎక్కి తెల్లవారేసరికి దిగుతారు. బోర్డులు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. రిజిస్ట్రేషన్ కౌంటరు ఒకచోట, రక్తపరీక్ష ఇంకోచోట, రిపోర్టు మరోచోట. వాళ్లకు కావలసింది వైద్యం తెలిసిన మనిషి కాదు; తెలుగు మాట్లాడుతూ, క్యూ ఎక్కడుందో చూపించి, ఫారం నింపిపెట్టే ఓపిక ఉన్న మనిషి.

మా అక్క కూతురు చేసింది ఈ పనే. ఒక ధర్మాసుపత్రిలో అనుమతి తీసుకుని, తొమ్మిదో తరగతి చివరి నుంచి శనివారాలు ఉదయం ఓపీ దగ్గర నిలబడేది. మొదటి రోజుల్లో ఒకసారి నేను తోడు వెళ్లాను. కదిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకుని, "ఈ కాగితం యాడ ఇయ్యాల పాపా?" అని అడిగాడు. ఆ కవరులో మూడేళ్ల నాటి మందుల చీటీ పైన ఉంది, వారం క్రితం తీసిన స్కాను రిపోర్టు అడుగున నలిగి ఉంది, మధ్యలో మెడికల్ షాపు బిల్లులు. ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని అన్నీ తేదీల వారీగా పేర్చి, కొత్తవి పైకి పెట్టి, బిల్లులు వేరుచేసి ఇచ్చింది. డాక్టరుగా నాకు తెలుసు, రద్దీ ఓపీలో ఒక రోగికి దొరికే ఐదారు నిమిషాల్లో సగం ఆ కవరు వెతకడానికే పోతుంది. కాగితాలు వరుసలో ఉన్నప్పుడు ఆ నిమిషాలు రోగికి మిగులుతాయి. తరువాత అక్కడికి వచ్చే ప్రతి తెలుగు రోగి కవరునూ అలా పేర్చి ఇవ్వడమే తన పని చేసుకుంది. ఊళ్లో ఇంటివాళ్లు తెలుగులో రాసిచ్చిన చీటీలు, "పొద్దున తెల్ల మాత్ర సగం, రాత్రి ఎర్రది ఒకటి" లాంటివి, చదవడం రాక ఇబ్బందిపడి, మా అమ్మ దగ్గర కూర్చుని తెలుగు చదవడం నేర్చుకుంది. అమెరికాలో పుట్టి, ఇక్కడ ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లకు అప్పటిదాకా తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు.

ఈ పనికీ ఒక హద్దు ఉంది, దాన్ని తల్లిదండ్రులూ పిల్లలూ ఇద్దరూ తెలుసుకోవాలి. దారి చూపించడం వేరు, డాక్టరు చెప్పిన జబ్బును రోగికి అనువాదం చేసి చెప్పడం వేరు. రెండోది శిక్షణ పొందిన పెద్దలు చేయవలసిన పని, పిల్లల నెత్తిన పెట్టకూడదు. ఒక శనివారం ఇంటికి వచ్చి ఆ అమ్మాయి నన్ను ఇలా అడిగింది: "పిన్నీ, ఫారం నింపుతుంటే రిపోర్టు కనిపించింది. ఆయనకు క్యాన్సరని నాకు తెలిసిపోయింది, ఆయనకు ఇంకా తెలియదు. ఏముంది పాపా అందులో అని ఆయన అడిగితే నేనేం చెప్పను?" నేను, "ఏమీ లేదని మాత్రం చెప్పకు. దాని గురించి డాక్టరు గారే చెబుతారు తాతా, నేను మిమ్మల్ని ఆయన దగ్గరికి తీసుకెళ్తాను అని చెప్పి, తీసుకెళ్లు. గది బయటే ఉండు, లోపల తెలుగు వచ్చిన సిస్టర్‌ను పిలవమని చెప్పు" అన్నాను. తరువాత ఆ పిల్ల కామన్ యాప్‌కు రాసిన 650 పదాల వ్యాసం ఆ ప్రశ్న మీదే. ఎవరో కన్సల్టెంటు కూర్చుని కల్పించగలిగింది కాదు అది.

వైద్యంతో ఏ సంబంధమూ లేని పని కూడా అంతే బలమైనది కావచ్చు. చూపు లేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టడం అలాంటిది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి తన రాతగాడిని తానే తెచ్చుకుంటే ఆ రాతగాడి చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాల్సి వచ్చేది. అంటే పదో తరగతి పరీక్షకు అప్పట్లో తొమ్మిదో తరగతి పిల్లలు సరిపోయేవారు; 2025లో ఈ నియమాలు మారాయి కనుక ఇప్పుడు ఏ తరగతివారు కావాలో ముందే కనుక్కోవాలి. పెద్దలు వెళ్లడానికి వీల్లేని సేవ ఇది. గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనపు సమయం ఇస్తారు కనుక మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు అవుతుంది. బెంగళూరులో మిత్ర జ్యోతి, సమర్థనం వంటి సంస్థలు చూపు లేనివారి కోసం ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయి, అక్కడ విచారించవచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లోని ఒక తెలుగు కుర్రవాడు ఇలా వెళ్లి వచ్చి చెప్పిన మాట వినండి: "ఆంటీ, ఆ అన్న చెప్పిన జవాబు తప్పని నాకు తెలుసు. పెన్ను ఆగిపోయింది. మళ్లీ చదివి వినిపించాను, అదే రాయమన్నాడు, రాశాను." సరైన జవాబు తనకు తెలిసి కూడా, పరీక్ష తనది కాదు కనుక, ఆ మనిషి చెప్పింది చెప్పినట్లు రాయడం పద్నాలుగేళ్ల వయసులో చిన్న విషయం కాదు. రేపు డాక్టరయ్యాక, తనకు సరి అనిపించిన చికిత్సను రోగి ఆలోచించి వద్దన్నప్పుడు ఆ నిర్ణయాన్ని గౌరవించవలసిన సందర్భాలు వస్తాయి. ఆ కుర్రవాడు ఆ పాఠాన్ని పరీక్ష హాలులో నేర్చుకున్నాడు. పైగా పరీక్ష రోజు రాకపోతే అవతలి మనిషికి ఏడాది పోతుంది, జ్వరం వచ్చిందనో పెళ్లికి వెళ్లాలనో చెప్పడానికి ఉండదు. ఒకరి భారం తన మీద ఉందని పిల్లలకు తెలిసేది ఇలాంటి చోటనే.

మారతహళ్లి దగ్గర ఉన్న కరుణాశ్రయ గురించి కూడా చాలామంది అడుగుతారు. ముదిరిన క్యాన్సర్ రోగులకు చివరి దశలో ఉచితంగా సేవ చేసే ఆశ్రమం అది. అలాంటి చోట్ల చిన్న వయసు పిల్లలను రోగుల దగ్గరికి పంపే విషయంలో నియమాలు ఉండడం సహజం, ఉండాలి కూడా. వయసు చాలదంటే బతిమాలవద్దు, తోటపనో, దస్తావేజుల పనో ఉంటే అది చేయనివ్వండి. రక్తదానం సంగతీ అంతే. మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండితేనే రక్తం ఇవ్వాలి కనుక హైస్కూలు పిల్లలు ఇవ్వలేరు. అపార్ట్‌మెంట్‌లో శిబిరం పెట్టించి, ఇంటింటికీ తిరిగి దాతలను పోగుచేయగలరు. అది మంచి పనే, ఏడాదికి ఒకటి రెండు రోజుల పని అన్న సంగతి మాత్రం మరవకూడదు.

ఇంట్లో చేసే సేవను మనవాళ్లు లెక్కలోకే తీసుకోరు. కామన్ యాప్‌లో కార్యక్రమాల రకాలను ఎంచుకునే చోట కుటుంబ బాధ్యతలు అన్నది ఒక రకంగా ఉంది. తాతయ్యకు పక్షవాతం వస్తే రోజూ సాయంత్రం ఫిజియోథెరపీ వ్యాయామాలు చేయించే మనవడు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే నానమ్మ వెంట వెళ్లి కూర్చునే మనవరాలు నాకు తెలిసిన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు ఆ సంగతి దాచిపెట్టి, ఎక్కడో డబ్బు కట్టి చేరే వేసవి శిబిరం కోసం వెతుకుతున్నారు. ఇది చదివి బాధ కలగవచ్చు, అయినా చెబుతున్నాను: మీ ఇంట్లో మీ బిడ్డ చేస్తున్న పనే దరఖాస్తులో అన్నిటికంటే మేలైన గడి కావచ్చు. దాన్ని గౌరవంగా, పెద్దవారి అనుమతితో రాయండి.

సొంతంగా స్వచ్ఛంద సంస్థ పెట్టించాలన్న ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. లక్షలు తీసుకునే కన్సల్టెంట్లు మొదట చెప్పే సలహా ఇదే. ట్రస్టు రిజిస్ట్రేషన్, లోగో, వెబ్‌సైటు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఒక అనాథాశ్రమంలో పుస్తకాల పంపిణీ, ఫొటోలు. సీటు రాగానే అన్నీ ఆగిపోతాయి. ఆ ఆశ్రమంలోని పిల్లలు వచ్చే ఏడాది ఇంకో అక్క వస్తుందేమోనని ఎదురుచూడాలి. ఇరవై ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న సంస్థలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒకదానిలో అందరికంటే చిన్న కార్యకర్తగా చేరి, చెప్పిన పని చేసి, మూడేళ్లకు ఒక బాధ్యత సంపాదించుకుంటే, నాయకత్వం అన్నది దరఖాస్తులో తనంతట తానే కనిపిస్తుంది.

పరిశోధన గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే కలిపి సీటు ఇచ్చే కోర్సుల్లో చాలావాటికి అది తప్పనిసరి కాదు. నిజంగా ఇష్టం ఉన్న పిల్లలు చేయవచ్చు. ఐరిస్ అనే జాతీయ సైన్సు ప్రదర్శన ద్వారా అమెరికాలో జరిగే ఐసెఫ్ అనే అంతర్జాతీయ సైన్సు పోటీకి మన పిల్లలు వెళ్లే అవకాశం ఉంది. అయితే ఐసెఫ్ నియమాల ప్రకారం మనుషుల మీద చేసే దాదాపు ఏ అధ్యయనానికైనా, తోటి విద్యార్థులకు ప్రశ్నావళి పంపడానికైనా సరే, పని మొదలుపెట్టక ముందే సమీక్షా సంఘం అనుమతి ఉండాలి. మానసిక ఒత్తిడి మీద గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్‌లో వంద మందికి పంపేసి, తరువాత అనుమతి గురించి అడిగే పిల్లలు ఉన్నారు. తరువాత తీసుకునే అనుమతి చెల్లదు. డబ్బు కడితే వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికల జోలికి వెళ్లవద్దు. ఇంటర్వ్యూలో ఆ వ్యాసం గురించి రెండో ప్రశ్నకే పిల్ల చిక్కుకుపోతుంది.

సంగీతం, నాట్యం, ఆటలు ఆపించకండి. పదో తరగతి రాగానే వీణ అటక మీదికి, బ్యాడ్మింటన్ రాకెట్టు మంచం కిందికి వెళ్లడం మన ఇళ్లలో ఆచారమైపోయింది. మా అక్క కూడా వయొలిన్ ఆపించి, ఆ సమయం ఆసుపత్రికి పెడదామంది. నేను గట్టిగా వద్దన్నాను. కర్ణాటక సంగీతం సీనియర్ పరీక్ష దాకా వచ్చిన పిల్ల, ఏడెనిమిదేళ్లు ఒకే గురువు దగ్గర, తప్పు పట్టించుకుంటూ, అదే వర్ణాన్ని మళ్లీ మళ్లీ వాయించిన పిల్ల. ఆ ఓర్పు ఇంకో చోట దొరకదు. పైగా బ్రౌన్ వంటి చోట సైన్సుతోపాటు ఇతర విద్యలను కూడా లోతుగా చదవాలన్న ఉద్దేశంతోనే ఆ కోర్సును రూపొందించారు. వైద్యం తప్ప మరో లోకం తెలియని పిల్లను వాళ్లు కోరుకోవడం లేదు. అలసిపోయి ఇంటికి వచ్చిన డాక్టరుకు కూడా వయొలిన్ అక్కరకొస్తుందని నా అనుభవంతో చెప్పగలను.

ఇక్కడ నీట్ కోచింగు, అక్కడికి ఎస్ఏటీ, మధ్యలో ఆసుపత్రి, ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంటిగ్రేటెడ్ కోచింగులో ఉదయం ఆరింటి నుంచి రాత్రి దాకా ఉండే పిల్లకు వారానికి మూడు గంటలు కూడా మిగలవు. రెండూ చేయించాలనుకుంటే, సేవాకార్యక్రమం ఒక్కటే ఉంచుకుని మిగతావి వదిలేయండి. ఆ ఒక్కటి మాత్రం పదకొండో తరగతిలో కూడా ఆగకూడదు.

కాలం విషయంలో మన లెక్కలు తప్పుతుంటాయి. పన్నెండో తరగతిలో చూసుకుందాంలే అనుకుంటారు. కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. కలిపి సీటు ఇచ్చే కోర్సుల గడువులు కొన్ని నవంబరు మొదటి తేదీకే ముగుస్తాయి. అంటే పన్నెండో తరగతిలో చేసే పనికి లెక్కలో చోటు తక్కువ. తొమ్మిది, పది, పదకొండు, ఈ మూడేళ్లే అసలైనవి. పదో తరగతి బోర్డు పరీక్షల పేరుతో జనవరి నుంచి మార్చి దాకా విరామం తీసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ తరువాత తిరిగి వెళ్లారా లేదా అన్నది ముఖ్యం.

మొదటి రోజు నుంచీ ఒక నోటు పుస్తకం పెట్టించండి. వెళ్లి వచ్చిన రోజు రాత్రి నాలుగు వాక్యాలు: ఏం చేశాను, ఏం చూశాను, ఏది అర్థం కాలేదు. రోగుల పేర్లు, ఊళ్లు ఉండకూడదు. గంటలు కూడా అందులోనే రాసుకోవాలి, ఎందుకంటే దరఖాస్తు చివర ఇదంతా నిజమని సంతకం పెట్టాలి. గంటలను పెంచి ధ్రువీకరణ ఉత్తరం రాయమని నన్ను అడిగిన తల్లిదండ్రులకు నేను అలాంటిది ఇవ్వలేదు, ఇక ముందూ ఇవ్వను.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు కూడా ఆ పుస్తకమే పనికివస్తుంది. చాలా వైద్య కళాశాలలు ఇప్పుడు ఎంఎంఐ అనే పద్ధతిలో, ఒక గది తరువాత ఒక గదిలో, ఒక్కో సందర్భాన్ని ఇచ్చి కొన్ని నిమిషాలు మాట్లాడిస్తాయి. అందులో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది: మనుషులకు సేవ చేయాలనుకుంటే నర్సు కావచ్చు, ఫిజియోథెరపిస్టు కావచ్చు, డాక్టరే ఎందుకు కావాలి? నర్సుల పనిని దగ్గర నుంచి చూడని పిల్లలు దీనికి చెప్పే జవాబు నర్సులను కించపరిచేలా ఉంటుంది, వారికి తెలియకుండానే. చూసిన పిల్ల తడబడుతూ చెప్పినా సరే, అందులో నిజం వినిపిస్తుంది. మా అక్క కూతురు ఈ ప్రశ్నకు జవాబు కోసం తన పాత పుస్తకాలన్నీ తిరగేసి, ఓపీ సిస్టర్ గురించి రాసుకున్న పేజీలు వరుసగా చదువుకుని వెళ్లింది.

చివరిగా మరో సంగతి. నవంబరులో దరఖాస్తు పంపగానే శనివారాలు మానేయవద్దు. బోర్డు పరీక్షలకు ముందు మానేయక తప్పదు కనుక, మానే తేదీని ఆసుపత్రివారికి నెల ముందే చెప్పి, పాఠశాలలో తొమ్మిదో పదో తరగతి చదువుతున్న తెలుగు పిల్లలను ఇద్దరిని తీసుకెళ్లి, కౌంటర్లు ఎక్కడున్నాయో, కాగితాలు ఎలా పేర్చాలో, ఏ మాట తాము చెప్పకూడదో, ఏ సిస్టర్‌ను పిలవాలో దగ్గరుండి నేర్పించి రావాలి. అనుమతి పత్రం కొత్త పిల్లల పేరు మీద మళ్లీ తీసుకోవాలి, దానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక దీపావళి సెలవులు ముగిసేలోపే మొదలుపెట్టండి.